ఐదేళ్ల బాబు స్లీప్ స్టడీలో ఏహెచ్‌ఐ 4.2 వచ్చింది, నార్మల్ అని రాశారు. నిజంగా నార్మలేనా?

మీరు రాసిన వివరాలు మిగతా తల్లిదండ్రులకూ పనికొస్తాయని ముందు ఇక్కడ పెడుతున్నాను. బాబుకు ఐదేళ్లు. కూకట్‌పల్లిలో ఉంటారు. చాలాకాలంగా గురక, నోరు తెరిచి నిద్రపోవడం, తల తడిసేలా చెమట, అప్పుడప్పుడు పక్క తడపడం. ఒక రాత్రి స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాస, ఆక్సిజన్ వగైరా కొలిచే పరీక్ష) చేయించారు, ఆరున్నర గంటలు నిద్రపోయాడు. ఏహెచ్‌ఐ, అంటే నిద్రలో శ్వాస గంటకు సగటున ఎన్నిసార్లు ఆగింది లేదా తగ్గింది అనే లెక్క, 4.2. అందులో అబ్‌స్ట్రక్టివ్ (గొంతులో అడ్డు వల్ల వచ్చేవి) 3.4, సెంట్రల్ (అడ్డు లేకుండా వచ్చేవి) 0.8. రక్తంలో ఆక్సిజన్ సగటు 97 శాతం, అతి తక్కువ 84. 90 కంటే కింద ఉన్న సమయం 0.2 శాతం. కార్బన్ డయాక్సైడ్ గడి ఖాళీ. చివర ఒక్క వాక్యం: ‘ఏహెచ్‌ఐ 5 లోపు ఉంది, నార్మల్’. ఆ 84 చూసి మీకు టెన్షన్. మీ అత్తగారేమో గురక పెడుతున్నాడంటే గాఢంగా నిద్రపోతున్నట్టే కదా అంటున్నారు.

నేను డాక్టర్ని కాను. హైదరాబాద్‌లోనే పిల్లలకు స్లీప్ స్టడీలు చేసే ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా టెక్నాలజిస్ట్‌ని. రాత్రంతా స్క్రీన్ ముందు కూర్చుని, పొద్దున్నే ఒక్కో అర నిమిషం రికార్డింగ్ తిరగేస్తూ ఎక్కడ శ్వాస ఆగింది, ఎక్కడ తగ్గింది అని గుర్తులు పెట్టేది మాలాంటివాళ్లమే. వైద్యం ఏం చేయాలో మీ డాక్టర్ చెప్పాలి. ఆ అంకెలు ఎలా పుడతాయో, ఏ అంకెను ఎంతవరకు నమ్మాలో మాత్రం నేను చెప్పగలను.

సూటిగా చెప్తే, ‘5 లోపు నార్మల్’ అనేది పెద్దవాళ్ల లెక్క. పెద్దవాళ్లలో గంటకు 5 నుంచి 15 వరకు స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. పిల్లలకు ఈ కొలత పనికిరాదు. వాళ్లలో అడ్డు వల్ల శ్వాస ఆగడం గంటకు ఒకటి లోపు ఉంటేనే మామూలు. 1 నుంచి 5 వరకు స్వల్పం, 5 నుంచి 10 మధ్యస్థం, 10 దాటితే తీవ్రం అని ఎక్కువ ల్యాబుల్లో పట్టుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు రాత్రి ఎలా ఊపిరి పీలుస్తారని 1992లో అమెరికాలో కొలిచి ప్రచురించిన అధ్యయనంలో అబ్‌స్ట్రక్టివ్ అప్నియాలు (అడ్డు వల్ల శ్వాస పూర్తిగా ఆగడాలు) గంటకు సగటున 0.1 మాత్రమే వచ్చాయి. అంటే చాలామంది పిల్లల్లో రాత్రంతా కలిపి ఒక్కటి కూడా ఉండదు. ఆ లెక్కన మీ బాబు 3.4 నార్మల్ కాదు, స్వల్ప స్థాయి అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా. అలాగని భయపడాల్సిన అంకె కూడా కాదు. ఆరున్నర గంటల్లో 22 అబ్‌స్ట్రక్టివ్, 5 సెంట్రల్, మొత్తం 27 సంఘటనలు.

ఇంకో అనుమానం కూడా ఉంది. చివరి వాక్యం పెద్దవాళ్ల లెక్కతో రాసినవాళ్లు, గుర్తులు కూడా పెద్దవాళ్ల నియమాలతోనే పెట్టి ఉంటారా? పెద్దవాళ్లకు గాలి ప్రవాహం 10 సెకన్ల పాటు ఆగితేనో తగ్గితేనో లెక్కలోకి వస్తుంది. పిల్లలకు సెకన్లు చూడం, రెండు శ్వాసలంత సేపు అయితే చాలు. ఐదేళ్ల పిల్లాడు నిద్రలో నిమిషానికి సుమారు 20 సార్లు ఊపిరి పీలుస్తాడనుకుంటే, రెండు శ్వాసలంటే ఆరు సెకన్లు. ఆరు, ఏడు, ఎనిమిది సెకన్ల ఆటంకాలన్నీ పెద్దవాళ్ల నియమంలో జారిపోతాయి. పిల్లల ఊపిరితిత్తుల్లో నిల్వ ఉండే గాలి తక్కువ, ఒంటి బరువుకు తగ్గట్టు చూస్తే వాళ్లు వాడే ఆక్సిజన్ ఎక్కువ, అందుకే అంత చిన్న ఆటంకానికి కూడా ఆక్సిజన్ పడిపోతుంది. నియమం వేరుగా పెట్టింది అందుకే.

సాఫ్ట్‌వేర్‌లో ఆటో స్కోరింగ్ అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కి, మనిషి మళ్లీ చూడకుండా రిపోర్టు ప్రింట్ తీసే చోట్లూ ఉన్నాయి. నా మటుకు నాకు పిల్లల రిపోర్టు ఆటో స్కోరింగ్‌తో వచ్చిందంటే అది రిపోర్టే కాదు. కాబట్టి ల్యాబ్‌కు ఫోన్ చేసి రెండే రెండు అడగండి: పిల్లల నియమాలతో స్కోరు చేశారా, మనిషి కూర్చుని చేశారా అని. మర్యాదగా అడిగితే చెప్తారు. 13 ఏళ్లు దాటిన పిల్లలకు పెద్దవాళ్ల నియమం వాడుకునే వెసులుబాటు ఉంది. ఐదేళ్ల వాడికి లేదు.

సెంట్రల్ 0.8 గురించి మీరు అసలు కంగారు పడక్కర్లేదు. సెంట్రల్ అంటే గొంతులో అడ్డు ఏమీ లేదు, మెదడు నుంచి ‘ఊపిరి తీసుకో’ అనే సంకేతమే కాసేపు రాలేదు. పిల్లలు నిద్రలో ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, తర్వాత కొన్ని సెకన్లు ఊరుకుంటారు. కలలొచ్చే నిద్రలో కూడా ఇలా జరుగుతుంది. 20 సెకన్లు దాటితేనో, రెండు శ్వాసలంత సేపే అయినా దాంతో ఆక్సిజన్ 3 శాతం పడితేనో, పిల్లాడు ఉలిక్కిపడితేనో మాత్రమే లెక్కేస్తాం. గంటకు 5 దాటితే డాక్టర్లు కారణం వెతుకుతారు.

ఇక 84. అందరూ ముందు చూసేది దీన్నే, ఎక్కువగా తప్పుదారి పట్టించేదీ ఇదే. రాత్రి మొత్తంలో ఒకే ఒక్క క్షణంలో వచ్చిన అతి తక్కువ రీడింగ్ అది. పిల్లాడు కాలు ఝాడించినా, ఆక్సిజన్ కొలవడానికి వేలికి పెట్టే ప్రోబ్ సగం ఊడినా, మీటరు 84 కాదు, 70 కూడా చూపిస్తుంది. నిజమైన పతనమా, కదలికా అన్నది స్క్రీన్ మీద చూస్తే తెలిసిపోతుంది. నిజమైనదైతే ముందు శ్వాస తగ్గినట్టు కనిపిస్తుంది, తర్వాత కొన్ని సెకన్లు ఆలస్యంగా ఆక్సిజన్ గీత మెట్టు మెట్టుగా దిగుతుంది, శ్వాస తిరిగి రాగానే గబుక్కున లేస్తుంది. నాడి అల శుభ్రంగా ఉంటుంది, ఆక్సీమీటర్ చూపే గుండె వేగం, ఈసీజీ చూపే గుండె వేగం ఒకటే ఉంటాయి. కదలిక వల్ల అయితే గీత నిట్టనిలువుగా పడి నిట్టనిలువుగా లేస్తుంది, నాడి అల చిందరవందరగా ఉంటుంది. స్కోరు చేసేవాళ్లు అలాంటి ముక్కల్ని తీసేయాలి. మర్చిపోతే అదే ‘అతి తక్కువ’గా రిపోర్టులోకి ఎక్కుతుంది.

మీ రిపోర్టులో 90 కింద ఉన్న సమయం 0.2 శాతం. ఆరున్నర గంటలంటే 390 నిమిషాలు, అందులో 0.2 శాతం సుమారు 47 సెకన్లు. అంటే కొద్ది సందర్భాలే. అవి తెల్లవారుజామున కలల నిద్రలో అబ్‌స్ట్రక్టివ్ సంఘటనల వెంట వచ్చాయా, బాబు పక్కకు దొర్లినప్పుడు వచ్చాయా అన్నదాని మీద మీ డాక్టర్ ఆలోచన మారుతుంది. మొదటిదైతే అంకె చిన్నదే అయినా తేలిగ్గా తీసుకోరు. రెండోదైతే 84ను మీరు మర్చిపోవచ్చు. ఆ క్షణం ఉన్న పేజీ ప్రింట్ ఇవ్వమని ల్యాబ్‌ను అడగండి.

మరి ఆక్సిజన్ మామూలుగా ఎంతుండాలి? నిద్రపోయే ఆరోగ్యవంతమైన పిల్లలకు సగటు 97, 98 దగ్గర ఉంటుంది. రాత్రి అంతా కలిపి అతి తక్కువ అన్నది సాధారణంగా 92 కంటే దిగదు. ఇందాక చెప్పిన 1992 నాటి అధ్యయనంలో అతి తక్కువ రీడింగుల సగటే 96 వచ్చింది. మన హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది కదా, దాని ప్రభావం ఏమైనా ఉంటుందా అని ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ తండ్రి అడిగారు. ఈ ఎత్తుకు తేడా పట్టించుకునేంత ఉండదు. ఎంతో ఎత్తులో ఉన్న లేహ్‌లో అయితే కొలమానమే మారిపోతుంది. ఇంకోటి, ఏ మీటరైనా రెండు మూడు శాతం అటూ ఇటూ చూపిస్తుంది. ముదురు రంగు చర్మం మీద ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశమూ ఉంది. కాబట్టి 91 వచ్చిందా 93 వచ్చిందా అని రాత్రంతా వాదించుకోవడంలో అర్థం లేదు. గీత ఎలా ఉంది, పతనాలు గుంపులు గుంపులుగా వస్తున్నాయా అన్నది ముఖ్యం.

సగటు 97 ఉంది కాబట్టి అంతా బాగుందనుకోవడానికీ లేదు. రక్తంలో ఆక్సిజన్ పీడనం బాగా తగ్గేదాకా మీటరు మీద శాతం పెద్దగా మారదు. ఇంటి మీది ట్యాంకులో నీళ్లు సగానికి వచ్చినా కింద కుళాయి ధారలో తేడా తెలియదు చూడండి, ఇదీ అంతే. 90 దగ్గరకు వచ్చాకే జారుడు వేగంగా ఉంటుంది. ఊపిరితిత్తులు మంచిగా ఉన్న పిల్లాడు గొంతు దగ్గర గంటల తరబడి అవస్థ పడుతున్నా ఆక్సిజన్ 96 చూపిస్తూనే ఉండొచ్చు. అందుకే రాత్రి ఆక్సీమీటర్ రికార్డింగ్‌లో పతనాలు గుంపులుగా కనిపిస్తే జబ్బు ఉన్నట్టే, కనిపించకపోతే మాత్రం లేనట్టు కాదు. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ ఇంట్లో ఉంది, రాత్రంతా పెట్టనా అన్నారు కదా. వద్దు. అది పెద్దవాళ్ల వేలికి సరిపోయే క్లిప్పు, చిన్న వేలి చుట్టూ వెలుతురు దూరి రీడింగ్ చెడుతుంది. పైగా ఎక్కువ సెకన్ల సగటు తీసి చూపిస్తుంది కాబట్టి ఆరు సెకన్ల పతనాన్ని కనిపించకుండా చదును చేసేస్తుంది. స్మార్ట్‌వాచీల మాట ఎత్తకండి.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఆ ఖాళీ గడి. పిల్లల స్టడీలో కార్బన్ డయాక్సైడ్ కొలవకపోతే సగం కథ తెలియదు. కారణం చెప్తాను. పెద్దవాళ్లకు గొంతు పూర్తిగా మూసుకుపోతుంది, శ్వాస ఆగుతుంది, ఉలిక్కిపడి లేస్తారు, మళ్లీ మొదలు. పిల్లల్లో అలా తెగిపోయినట్టుగా ప్రతిసారీ ఉండదు. సగం మూసుకున్న దారిలోంచే గంటల తరబడి కష్టపడి ఊపిరి లాగుతుంటారు. ఛాతీ లోపలికి పోతుంటుంది, పొట్ట బయటికి ఉబుకుతుంటుంది, గురక ఆగదు. ఒక్క అప్నియా కూడా పడదు కాబట్టి ఏహెచ్‌ఐ తక్కువగా వస్తుంది. లోపల మాత్రం కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. దీన్ని అబ్‌స్ట్రక్టివ్ హైపోవెంటిలేషన్ అంటారు. నిద్ర సమయంలో నాలుగో వంతు కంటే ఎక్కువసేపు అది 50 పాదరస మిల్లీమీటర్లు దాటి ఉంటే పిల్లల్లో అసాధారణం అని లెక్క.

ఈ కొలతకూ ఒక చిక్కు ఉంది. ముక్కు గొట్టంతో కొలిచేటప్పుడు బాబు నోటితో ఊపిరి తీసుకుంటే రీడింగ్ అబద్ధంగా తక్కువ వస్తుంది. ముక్కు నిండా చీమిడి ఉన్నా అంతే. స్క్రీన్ మీద కార్బన్ డయాక్సైడ్ అల పైభాగం చదునుగా ఉన్నప్పుడే ఆ అంకెను నమ్ముతాం. అందుకే కొన్ని ల్యాబుల్లో చర్మం మీద అంటించే సెన్సార్ కూడా పెడతారు. మీ రిపోర్టులో గడి ఎందుకు ఖాళీగా ఉందో అడగండి. యంత్రమే లేదా, పెట్టాక బాబు పీకేశాడా, రీడింగ్ బాగోలేక వదిలేశారా? మూడింటికీ మూడు అర్థాలు. మీ బాబుకు అంత గురక, అంత చెమట ఉన్నాయి కాబట్టి నేనైతే ఇది తెలియకుండా ‘నార్మల్’ అని రాయనివ్వను.

కలల నిద్ర ఎంతసేపు వచ్చిందో కూడా రిపోర్టులో వెతకండి. ఆర్‌ఈఎం అని ఉంటుంది. పిల్లల్లో అప్నియా ఎక్కువగా అప్పుడే బయటపడుతుంది, ఎందుకంటే గొంతు కండరాలు అప్పుడు బాగా వదులవుతాయి. కొత్త చోటు, ఒళ్లంతా తీగలు, మొదటి రాత్రి ఆ నిద్ర తగ్గుతుంది. అది బాగా తక్కువగా ఉంటే అసలు జబ్బు 3.4 కంటే ఎక్కువే ఉండొచ్చు.

అత్తగారి మాటకు వస్తే, ఆమెను తప్పుపట్టలేం, మా అమ్మా అదే అనేది. రోజూ గురక పెట్టే పిల్లలు దాదాపు పదిలో ఒకరు ఉంటారు, అప్నియా ఉన్నవాళ్లు నూటికి ఒకరి నుంచి ఐదుగురి వరకు. కాబట్టి గురక ఉన్న ప్రతి పిల్లాడికీ జబ్బు లేదు. కానీ గురక గాఢ నిద్రకు గుర్తు అనడం మాత్రం సరికాదు. పిల్లల మెదడు అంత తేలిగ్గా మేలుకోదు, అందుకే పెద్దవాళ్లలా వాళ్లు పగలు తూలరు. పైగా ఉన్నచోట ఉండరు, చిరాకు, బడిలో ధ్యాస లేదని టీచరమ్మ ఫిర్యాదు. పక్క తడపడం, తల వెనక్కి వాల్చి పడుకోవడం, తినేది ఒంటికి పట్టకపోవడం, ఇవన్నీ డాక్టర్‌కు చెప్పండి. నా అనుభవంలో 4.2 కంటే ఈ నాలుగు మాటలే డాక్టర్ నిర్ణయాన్ని ఎక్కువగా మారుస్తాయి.

ఒక వీడియో కూడా తీయండి. తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య, చొక్కా పైకి లేపి, ఛాతీ పొట్ట రెండూ కనిపించేలా, శబ్దం వినిపించేలా రెండు నిమిషాలు. ఫ్యాన్ కాసేపు ఆపండి.

వైద్యం గురించి తెలిసినంత చెప్తాను. ఈ స్థాయిలో చాలామంది డాక్టర్లు ముందు ముక్కులో వేసే స్టెరాయిడ్ స్ప్రే కొన్ని వారాలు ఇచ్చి చూస్తారు. మన ఊళ్లో దుమ్ము, వయ్యారిభామ పుప్పొడి వల్ల ముక్కు ఎప్పుడూ బిగుసుకునే పిల్లలు బోలెడంతమంది, వాళ్లకు దీంతోనే తేడా కనిపిస్తుంది. మాంటెలుకాస్ట్ అనే ఎలర్జీ బిళ్ల రాస్తే మనసు, ప్రవర్తన మీద దాని ప్రభావం గురించి అడగండి. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. బిళ్ల మొదలుపెట్టాక పీడకలలు, మొండితనం కొత్తగా కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. గొంతులోని టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ పెద్దవిగా ఉంటే ఆపరేషన్ మాట వస్తుంది. ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 464 మందితో చేసి 2013లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో ఏడు నెలల తర్వాత చూస్తే, ఆపరేషన్ చేసిన వాళ్లలో 79 శాతం మంది స్లీప్ స్టడీ మామూలైంది. ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో కూడా 46 శాతం మందికి దానంతటదే మామూలైంది. ఏకాగ్రత పరీక్షలో రెండు జట్లకూ పెద్ద తేడా లేదు, ప్రవర్తన, గురక లాంటి లక్షణాలు మాత్రం ఆపరేషన్ అయినవాళ్లలో ఎక్కువ మెరుగుపడ్డాయి. తీవ్రంగా ఆక్సిజన్ పడిపోయే పిల్లల్ని ఆ అధ్యయనంలో తీసుకోలేదని గుర్తుంచుకోండి. అంటే మీకు ఆలోచించుకోవడానికి టైముంది, ఎవరైనా రేపే ఆపరేషన్ అంటే ఇంకో డాక్టర్‌ను కూడా అడగొచ్చు. డౌన్ సిండ్రోమ్, సికిల్ సెల్ అనే రక్త జబ్బు, కండరాల జబ్బులు, బాగా లావు ఉన్న పిల్లలకు మాత్రం ఈ ఓపిక లెక్క వర్తించదు.

నెలల పిల్లలున్నవాళ్లు ఇది చదివి పోల్చుకోకండి. వాళ్లు కొన్ని సెకన్లు ఊపిరి ఆపి మళ్లీ గబగబా పీల్చడం మామూలే, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. 20 సెకన్లు దాటినా, పెదాలు నీలంగా మారినా, ఒళ్లు వేలాడేసినా అప్పుడు అంకెలు చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

స్టడీ మళ్లీ చేయించాల్సి వస్తే, కార్బన్ డయాక్సైడ్ కొలిచే చోట, పిల్లలకు చేసే అలవాటున్న చోట చేయించండి. ఇంట్లో పెట్టే చిన్న యంత్రాలు పిల్లల నిర్ధారణకు వద్దనే నిద్ర వైద్య నిపుణుల సంఘాలు చెప్తున్నాయి. ఆ రోజు తలస్నానం చేయించండి, నూనె మాత్రం పెట్టకండి, తలకు అంటించే ఎలక్ట్రోడ్లు నిలవవు. ఇది చెప్పినా సరే, పిల్లాడు చక్కగా కనబడాలని నూనె రాసి దువ్వి తెస్తుంటారు. మధ్యాహ్నం పడుకోనివ్వకండి. జలుబు, జ్వరం ఉంటే తేదీ మార్చుకోండి, ఆ రాత్రి వచ్చే అంకెలు జలుబువి. ఆడపిల్లలైతే ఆషాఢంలో గోరింటాకు, గోళ్ల రంగు ఉన్న వేలు వదిలేసి కాలి వేలికి ప్రోబ్ పెట్టమనండి, ముఖ్యంగా నల్ల మెహెందీ అయితే. అలవాటైన దుప్పటి, బొమ్మ తెచ్చుకోవచ్చు, మీరు పక్కన పడుకోవచ్చు.

ఆపరేషనే చేయిస్తే, గురక పోయిందని వదిలేయకుండా ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత ఒకసారి డాక్టర్‌కు చూపించండి. లక్షణాలు మిగిలి ఉంటే అప్పుడు మళ్లీ స్టడీ చేస్తారు. ఈలోగా ల్యాబ్ వాళ్లు ఇచ్చే పేజీ, కార్బన్ డయాక్సైడ్ సంగతి తెలిశాక ఇక్కడ రాయండి, ఆ 84 ఏ రకమో చూసి చెప్తాను. పేజీ పెట్టేటప్పుడు బాబు పేరు, ఫోన్ నంబరు కనిపించకుండా చెరిపేయండి.